అర ఊపిరి

గ్లాస్గోలో, చెప్పులు బాగుచేసే కొట్టు కింద
పదిహేడు మెట్లు దిగితే మా కామెడీ క్లబ్బు.
నాది కోట్ల గది.
తడిసిన ఉన్ని వాసన, పొగాకు, ఎవరింటి కుక్కదో వాసన.
కోటు తీసుకుని ఇత్తడి బిళ్ళ ఇస్తాను,
బిళ్ళ తీసుకుని కోటిస్తాను.
పదకొండేళ్లయింది.

వేదిక నాకు కనపడదు.
మధ్యలో మందపాటి ఎర్ర తెర.
అందుకే జోకులకన్నా నాకు నవ్వులు బాగా తెలుసు.
నవ్వు నాలుగు విధాల చేటంటారు గానీ
నాకు నలభై విధాలు తెలుసు,
అన్నీ చెవితోనే.

మగవాడు మైకు పట్టుకుంటే
నవ్వు ముందే వచ్చి కుర్చీల్లో కూర్చుని ఉంటుంది.
వాడు గొంతు సవరించుకున్నా చాలు, లేస్తుంది.
ఆడమనిషి పట్టుకుంటే
ముందొక అర ఊపిరి.
అరే. అంతకన్నా లేదు.
గదంతా ఒకరి మొహం ఒకరు చూసుకుని
నవ్వొచ్చా అని అడిగినంత సేపు.
లోపల కూర్చున్నవాళ్లకి అది తెలీదు.
తెర ఇవతల నాకు
రైలు తప్పిపోయినంత పెద్దగా వినిపిస్తుంది.

మర్డో పిలుపూ అలాంటిదే.
మగవాళ్లకి పేరు చాలు: "స్ట్రూవన్!"
ఇష్బెల్‌కి మాత్రం, "ఇప్పుడొక అమ్మాయి,
కాస్త ఆదరించండి."
ఆ అమ్మాయికి నలభై ఆరేళ్లు.
రాత్రి బస్సు నడుపుతుంది,
తాగి గొడవచేసేవాళ్లని చెవి పట్టుకుని దించేస్తుంది.

ఆ రోజు ఆమె చెప్పింది ఇది:
"మా నాన్న ఇంట్లో నలభై ఏళ్లు ఒక్క మాట మాట్లాడలేదు.
పోయాడని తెలియడానికి మాకు మూడు రోజులు పట్టింది."

అర ఊపిరి.
తర్వాత, అయ్యో.
పిల్లి కాలు విరిగితే అంటామే, ఆ అయ్యో.

గొడుగుల బల్ల మీద కూలబడి
"ఏడుపు చెప్పలేదే ఊనా, జోకు చెప్పాను" అంది.

పై గురువారం, ఒక బీరు పందెం కాసి
ఆ జోకుని స్ట్రూవన్‌కి అప్పిచ్చింది.
ఎక్కడ ఆగాలో నా బల్ల మీద వేలితో కొట్టి నేర్పింది:
ఒకటి, రెండు, ఇప్పుడు.
అతను అన్నాడు.
నా గదిలో హేంగర్లు గలగలమన్నాయి,
ఒక కోటు కింద పడింది.
స్ట్రూవన్ నాన్న బతికే ఉన్నాడు,
ఆ రాత్రి బారు దగ్గరే ఉన్నాడు,
సాయంత్రం ఆరు నుంచీ నోరు మూయలేదు.
ఎవరూ అయ్యో అనలేదు.
"కుర్రాడిది ఎంత లోతైన చూపు!" అంది
నా దగ్గర కండువా తీసుకుంటూ ఒకావిడ.

"ఇందులో నా తప్పేముంది?" అన్నాడు స్ట్రూవన్.
నిజమే, ఏమీ లేదు.
ఇష్బెల్ ఆ బీరు సగం తాగి వదిలేసింది.

నా సంగతీ చెప్పాలి.
మొదటి ఏడాది ఆమె పేరు వినగానే
నేను రేడియో పెట్టుకునేదాన్ని.

ఫిబ్రవరిలో, వాన దంచుతున్న రాత్రి
మళ్లీ అదే జోకు, ఒక్క అక్షరం మార్చకుండా.
మళ్లీ అదే అయ్యో.
ఈసారి ఆమె ఆగింది. చాలాసేపు ఆగింది.
"మీ జాలి కోట్ల గదిలో వదిలేసి రండి,
ఊనా బిళ్ళ ఇస్తుంది."
ఎవరో ఇద్దరు నవ్వారు.
తెర వెనక నేనూ నవ్వాను,
ఆ లెక్క ఎవరూ వెయ్యలేదు.

జనం వెళ్లిపోతున్నారు.
గోధుమరంగు కోటు, బిళ్ళ నూట పద్నాలుగు,
డెబ్బై దాటిన మనిషి, పక్కన భర్త.
ఒక చెయ్యి కోటులో దూర్చి
ఆరో మెట్టు మీద ఆగిపోయింది.
భుజాలు కదిలాయి.
ఏడుస్తోందేమోనని నేను లేచాను.
"మూడు రోజులట" అంది భర్తతో,
కటకటాలు పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ,
"మూడు రోజులు!"
ఆయన ఏమీ అనలేదు.
ఖాళీగా వేలాడుతున్న రెండో చెయ్యి
ఆమెకి అందేలా పట్టుకుని నిలబడ్డాడు.
ఆమె ఇంకా ఎక్కువ నవ్వింది.

ఇష్బెల్ బస్సు తాళాలు తిప్పుకుంటూ వచ్చింది.
"ఎలా పోయింది?"
"నూట పద్నాలుగు నవ్వింది."
"ఎప్పుడు?"
"ఇప్పుడే. మెట్ల మీద."
గడియారం వైపు చూసింది.
"ఇరవై నిమిషాలు లేటు" అంది.
"పర్లేదు, నా బస్సుకన్నా నయం."